రాజు వెళ్ళిపోయిన ఊళ్ళో దారి వెతుక్కుంటూ

జూలైలో అమ్మాయిని హాస్టల్లో దింపి వచ్చిన దగ్గర్నుంచి నాకు ఒక కొత్త జబ్బు పట్టుకుంది. పొద్దున్నే అలవాటుగా గ్లాసున్నర బియ్యం కడిగేస్తాను. పొయ్యి మీద పెట్టబోతుంటే గుర్తొస్తుంది, ఇంట్లో ఉన్నది ఇద్దరమేనని. కడిగిన బియ్యం మళ్ళీ డబ్బాలోకి పోవు కదా. అందుకని మిగిలిన అన్నం రాత్రికి పులిహోర. మావారు పాపం నాలుగు నెలలు నోరెత్తకుండా తిన్నారు. నవంబరులో కంపెనీ పని మీద ఆయన్ని మూడు వారాలు జపాన్‌లోని ఒసాకా వెళ్ళమంటే, "ఒక్కదానివే ఇంట్లో ఏం చేస్తావు, నువ్వూ రా" అన్నారు. జాలిపడ్డారో, పులిహోరకి భయపడ్డారో నాకు తెలీదు.

ఒసాకాలో ఆయన పొద్దున ఎనిమిదికి వెళ్తే రాత్రి ఎనిమిదికి వచ్చేవారు. మొదటి రెండు రోజులూ హోటల్ గది కిటికీలోంచి కింద పోయే రైళ్ళు లెక్కపెట్టాను. ఆ రైళ్ళలో కొన్ని క్యోటోకి వెళ్తాయనీ, అరగంటే దూరమనీ తెలిసింది. "శనివారం నేను తీసుకెళ్తాలే, ఒక్కదానివే అయితే తప్పిపోతావు" అన్నారు మావారు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఎక్కడికెళ్ళినా నాది వెనక సీటే. దారి చూసే పని ఆయనది, కూతురు పెద్దయ్యాక దానిది. కానీ రాత్రి ఫోన్లో అమ్మాయి, "అమ్మా, క్యోటోలో మాంగా మ్యూజియం ఉంది, నా కోసం చూసి ఫొటోలు పెట్టవా" అంది. అది అడిగితే నేను కాదనలేను. మర్నాడే బయల్దేరాను.

హోటల్ కౌంటర్లో అమ్మాయి చిరునామా ఒక కాగితం మీద రాసి, చదివి వినిపించింది. "కరాసుమా వీధి, ఓయికె అగారు." అగారు అంటే ఏమిటన్నాను. చేత్తో పైకి చూపించింది. మేడ మీదా అనుకున్నాను. కాదట. అగారు అంటే పైకెళ్ళడం, అంటే ఉత్తరానికి. సగారు అంటే కిందికి దిగడం, అంటే దక్షిణానికి. కరాసుమా వీధిలో నడుస్తూ, ఓయికె వీధి అడ్డం వచ్చే కూడలి దాటి పైకి వెళ్ళు అని ఆ చిరునామా అర్థం. తూర్పుకో పడమరకో తిరగాల్సి వస్తే 'ఇరు' అంటారట, లోపలికి వెళ్ళడమని. జపాన్‌లో మిగతా ఊళ్ళలో చాలా వీధులకి పేర్లే ఉండవు, పేటకీ బ్లాకుకీ నంబర్లు ఉంటాయి. క్యోటో నడిబొడ్డున మాత్రం చిరునామాయే దారి కూడా చెప్పేస్తుంది.

నేను బి.ఏ. తెలుగు చదివిన దాన్ని, గోదావరి కాలువ గట్టు మీద పుట్టిన దాన్ని. అగారు, సగారు వినగానే నా బుర్రలో అవి ఎగువ, దిగువ అయిపోయాయి. మా వైపు "ఎగువ ఊళ్ళు", "దిగువకి పోయింది" అనే మాటలు రోజూ వినేవే. క్యోటోకి మూడు వైపులా కొండలు, దక్షిణం ఒక్కటే ఖాళీ. ఉత్తరం మెరక, దక్షిణం పల్లం. కామో నది పైనుంచి కిందికి, ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది. కాబట్టి వాళ్ళు ఎగువ అంటే నిజంగానే ఎగువ.

క్యోటో స్టేషన్లో దిగి, ఉత్తరం గేటు బయటికి వస్తే ఎదురుగా కరాసుమా వీధి తిన్నగా పైకి పోతూ కనిపించింది. ఆ వీధి కిందే మెట్రో ఉంది, మూడో స్టేషన్లో దిగితే చాలు. కానీ నేను తప్పిపోతానని కదా అన్నారు, అందుకే నడిచే వెళ్దామనుకున్నాను. నడిస్తే ముప్పావు గంట. దారిలో అడ్డంగా వచ్చే పెద్ద వీధులు ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను. షిచిజో అంటే ఏడో వరస, గోజో అంటే అయిదు, షిజో అంటే నాలుగు, సాంజో అంటే మూడు. ఎగువకి వెళ్తుంటే అంకె తగ్గుతుంది. ఈ లెక్క పెట్టింది ఎప్పుడనుకున్నారు? 794లో.

ఆ ఏడాది కమ్ము అనే చక్రవర్తి ఇక్కడ కొత్త రాజధాని కట్టించాడు. పేరు హేయాన్‌క్యో, ప్రశాంతమైన రాజధాని అని అర్థం. చైనాలోని చాంగాన్ నగరాన్ని చూసి వేసిన నక్షా అది. తూర్పు పడమరలు దాదాపు నాలుగున్నర కిలోమీటర్లు, ఉత్తర దక్షిణాలు అయిదు కిలోమీటర్ల పైచిలుకు. గళ్ళ దుప్పటి పరిచినట్టు అడ్డం నిలువు వీధులు. ఉత్తరం చివర నడిమధ్యన రాజభవనం. దాని ముందు నుంచి దక్షిణం ద్వారం దాకా దాదాపు 84 మీటర్ల వెడల్పున సుజాకు అనే రాజవీధి. ఆ దక్షిణ ద్వారం రాజోమోన్ ఉన్న చోట ఇప్పుడు చిన్న పిల్లల పార్కు ఉంది. జారుడుబల్ల పక్కన ఒక రాతి స్తంభం, అంతే మిగిలింది.

మ్యాపు తిప్పి తిప్పి చూస్తే ఇంకో తమాషా. సక్యో అంటే ఎడమ రాజధాని, ఉక్యో అంటే కుడి రాజధాని. కానీ మ్యాపులో సక్యో కుడి వైపుంది, ఉక్యో ఎడమ వైపుంది. అచ్చుతప్పేమో అనుకున్నాను. కాదు. రాజు ఉత్తరాన కూర్చుని దక్షిణానికి చూస్తాడు. ఆయన ఎడమ చెయ్యి తూర్పు, కుడి చెయ్యి పడమర. ఊరంతా రాజు కూర్చున్న చోటు నుంచి చూసి పేర్లు పెట్టుకుంది. పన్నెండు వందల ఏళ్ళ తరవాత కూడా ఆ పేట పేరు ఆయన ఎడమ చెయ్యే.

ఈ వీధుల పేర్లతోనే వెయ్యేళ్ళ కిందట ఒకావిడ పెద్ద కథ రాసింది. ఆమె మురసాకి షికిబు, ఆ కథ 'గెంజి కథ'. అందులో అసూయతో కుమిలిపోయే ఒక గొప్పింటి స్త్రీ ఉంది. ఆవిణ్ణి పిలిచేది రోకుజో అని. అంటే ఆరో వరస వీధి. మనం "మూడో వీధి పిన్నిగారు" అంటామే, సరిగ్గా అలాగే. ఇంకా చెప్పాలంటే మురసాకి అన్నది కూడా రచయిత్రి అసలు పేరు కాదు. ఆ రోజుల్లో పెద్దింటి ఆడవాళ్ళు బయటికి వెళ్తే తెరలు కట్టిన ఎద్దుబండిలోనే. కాలు నేల మీద పెట్టి వీధి లెక్కపెట్టుకునే పని లేదు. తేరామాచి వీధిలో రోజాన్‌జి అనే గుడి ఉంది, ఆవిడ ఇల్లు అక్కడే ఉండేదని చెబుతారు. తరవాతి రోజుల్లో వెళ్ళి చూశాను. తెల్ల కంకర పరిచిన చిన్న తోట. కాసేపు కూర్చుని వచ్చాను.

ఓయికె కూడలి దాటి పైకి నాలుగడుగులు వెయ్యగానే మ్యూజియం. ఎవర్నీ అడగలేదు, ఫోన్ తీయలేదు. గేటు ముందు నిలబడి సెల్ఫీ తీసి మావారికి పంపించాను. "ఎవరు తీసుకెళ్ళారు?" అని జవాబు వచ్చింది.

మాంగా సంగతి నాకేం తెలీదు. పిల్లలూ పెద్దలూ గోడలకి చేరగిలబడి, బయట పచ్చికలో పడుకుని చదువుకుంటున్నారు. నన్ను పట్టుకున్నది ఆ భవనం. నడిస్తే కిర్రుమనే చెక్క నేల, పొడుగు వరండాలు, మెట్ల దగ్గర పిల్లల చేతులకి అరిగి నునుపు తేలిన కొయ్య. ఇది బడి కదా అనుకున్నాను. నిజంగా బడే. తత్సుయికె ప్రాథమిక పాఠశాల. ఊరి నడిబొడ్డున పిల్లలు తగ్గిపోయి 1990లలో మూతపడితే, 2006లో మ్యూజియం చేశారు. ఆ బడి పుట్టింది 1869లో అని చదివి ఆగిపోయాను. ఎందుకంటే క్యోటోని రాజు వదిలి వెళ్ళిన సంవత్సరం కూడా అదే.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి. వెయ్యేళ్ళకి పైగా క్యోటో రాజు ఉన్న ఊరు. మధ్యలో అధికారం సైన్యాధిపతుల చేతుల్లోకి పోయినా రాజు మాత్రం ఇక్కడే. 1467 నుంచి 1477 దాకా ఓనిన్ యుద్ధంలో ఊరు కాలిపోయింది, మళ్ళీ కట్టుకున్నారు. హిదెయోషి వచ్చి చుట్టూ మట్టిగోడ పోసి, చాలా గుళ్ళని ఒక వరసలోకి మార్చి, గళ్ళ మధ్య కొత్త వీధులు కోశాడు. అన్నిటికీ తట్టుకుంది. కానీ 1868లో మేజీ చక్రవర్తికి అధికారం తిరిగి వచ్చాక, ఆయన ఎదోకి వెళ్ళాడు. ఎదో పేరు టోక్యో అయింది, తూర్పు రాజధాని. రాజధాని మారుతోందని ఎవరూ గట్టిగా ప్రకటించలేదు. ఊరెళ్తున్నట్టే వెళ్ళాడు. 1869లో రాణి కూడా బయల్దేరుతోందని తెలిశాక జనం వీధుల్లో గుమిగూడారట, వెళ్ళొద్దని. అయినా వెళ్ళారు. వాళ్ళ వెనక కొలువు వాళ్ళు, వాళ్ళకి పట్టు నేసేవాళ్ళు, మిఠాయిలు చేసేవాళ్ళు, విసనకర్రలు అమ్మేవాళ్ళు. ఊరి జనాభా మూడో వంతు తగ్గిపోయిందని చెబుతారు.

ఎవరి చుట్టూ అయితే వీధులు గీసుకున్నారో, కుడి ఎడమలు కూడా ఎవరిని బట్టి పెట్టుకున్నారో, ఆ మనిషే వెళ్ళిపోయాడు. నాకు మా ఇంట్లో అమ్మాయి గది గుర్తొచ్చింది. దాని స్కూలు బస్సు టైముని బట్టి నా లేవడం, దాని పరీక్షల్ని బట్టి మా పండగలు, దాని నాలికని బట్టి మా కూరలు. మ్యూజియం వరండాలో ఒక బల్ల మీద కూర్చుని, తెచ్చుకున్న రొట్టె కూడా తినకుండా అలా ఉండిపోయాను.

మరి ఆ ఊరి వాళ్ళు ఏం చేశారు? ఆ సంవత్సరమే బళ్ళు పెట్టారు. ఒకటీ రెండూ కాదు, 64. జపాన్ ప్రభుత్వం దేశమంతటికీ బడి చట్టం తెచ్చింది 1872లో. వీళ్ళు దానికి మూడేళ్ళు ముందు. ఒక్కో పేట ఒక్కో బడి నడుపుకునేది. అక్కడే పేట సమావేశాలు, అక్కడే నిప్పు పడితే గంట కొట్టే బురుజు, అక్కడే టీకాలు. డబ్బెక్కడిది? దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. కమదోకిన్. కమదో అంటే పొయ్యి. పొయ్యి డబ్బు. ఇంట్లో బడికెళ్ళే పిల్లలున్నా లేకపోయినా సరే, పొయ్యి వెలిగే ప్రతి ఇల్లూ బడికి ఇంత ఇవ్వాలి. పిల్లలు లేని ఇల్లు "మాకెందుకు" అనడానికి లేదు. పొయ్యి ఉందా లేదా, అదే లెక్క.

1872లో ఆడపిల్లల బడి కూడా తెరిచారు, ఇంగ్లీషూ చేతిపనులూ నేర్పడానికి. కామో నది ఒడ్డున మరుతామాచి వంతెన దగ్గర దాని గుర్తుగా ఒక రాయి ఉంది. అదే ఏడాది నిషిజిన్ నేతగాళ్ళలో ముగ్గురు జకార్డు మగ్గం పని నేర్చుకోవడానికి ఫ్రాన్సులోని లియోన్ వెళ్ళారు. రాజుగారి కోక కొనేవాళ్ళు లేరని మగ్గం అటక మీద పెట్టెయ్యలేదు.

రెండో రోజు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యమే కొంప ముంచింది. గింకాకుజి, అంటే వెండి మందిరం చూద్దామని సిటీ బస్సెక్కాను. వెళ్ళేవాళ్ళ కోసం చెబుతున్నాను, క్యోటో సిటీ బస్సు వెనక తలుపులోంచి ఎక్కాలి, దిగేటప్పుడు ముందు తలుపు దగ్గర డబ్బులెయ్యాలి. ఊళ్ళో ఎంత దూరమైనా 230 యెన్లు. చిల్లర సరిగ్గా ఉండాలి, లేకపోతే పక్కనున్న మిషన్లో ముందే మార్చుకోవాలి. బస్సు మా తిరునాళ్ళ బస్సులాగే ఉంది. రెండు స్టాపుల్లో కూరల సంచి పట్టుకున్న ముసలావిడలు ఎక్కలేక ఆగిపోయారు. నాకు సిగ్గేసింది. చూడ్డానికి వచ్చిన మేం సీట్లలో, ఆ ఊరి వాళ్ళు రోడ్డు మీద. బస్సులకి మాత్రమే ఉండే రోజు పాసుని అందుకే 2023లో అమ్మడం ఆపేశారు. ఇప్పుడు బస్సుకీ మెట్రోకీ కలిపి 1100 యెన్ల పాసు ఉంది. మెట్రో రెండే లైన్లు, ఒకటి నిలువు, ఒకటి అడ్డం. మన కూడిక గుర్తులా ఉంటుంది. వీలైనంత దూరం దాంట్లో వెళ్ళి మిగతాది నడవండి. ఊరికీ మేలు, మనకీ మేలు.

వెండి మందిరంలో వెండి లేదు. ఓనిన్ యుద్ధంలో ఊరు తగలబడ్డాక, ఆ యుద్ధాన్ని ఆపలేకపోయిన సైన్యాధిపతి యోషిమాస 1482లో కట్టడం మొదలుపెట్టిన విడిది అది. బాగుంది. అక్కణ్ణుంచి దక్షిణానికి 'తత్వవేత్త దారి' అని రెండు కిలోమీటర్లు కాలువ గట్టు మీద నడక. నిషిద కితారో అనే తత్వశాస్త్రం ప్రొఫెసర్ ఆలోచించుకుంటూ ఆ దారిన నడిచేవాడట. నాకు దిగువకి, నాన్‌జెన్‌జి గుడి వైపు వెళ్ళాలి. మధ్యలో హోనెన్‌ఇన్ అనే చిన్న గుడి, నాచు పట్టిన గడ్డి కప్పు ద్వారం. అది చూసి సందుల్లో తిరిగి మళ్ళీ గట్టు మీదికొచ్చేసరికి ఎటు నుంచి వచ్చానో తెలియలేదు. మబ్బు పట్టి ఎండ లేదు. ఫొటోలు తీసీ తీసీ ఫోన్ చచ్చిపోయింది.

భయపడలేదు. గోదావరి పిల్లని కదా. ఈ ఊళ్ళో నీళ్ళు ఎగువ నుంచి దిగువకి పోతాయి, ఎగువ ఉత్తరం, దిగువ దక్షిణం. నీళ్ళు ఎటు పోతే అటే నా దారి అనుకుని, కాలువలో తేలుతున్న ఎర్రటి ఆకుల వెంట నడిచాను. ఇరవై నిమిషాలు నడిచాక ఎదురుగా తెలిసిన మొహాలు. పొద్దున నాకు పచ్చటి ఐస్‌క్రీమ్ అమ్మిన దుకాణం. మళ్ళీ వెండి మందిరం ముందే ఉన్నాను.

అప్పుడు భయం వేసింది. లెక్క సరిగ్గా వేసి కూడా తప్పిపోతే ఇంక దేన్ని నమ్మాలి? ఒక ఇంటి ముందు కుండీలకి నీళ్ళు పోస్తున్న మామ్మగారి దగ్గరికి వెళ్ళి "నాన్‌జెన్‌జి?" అని అడిగాను. ఆవిడ నేను వచ్చిన దారినే చూపించింది. నేను కాలువ చూపించి, నీళ్ళు ఇటు వస్తున్నాయి కదా అన్నట్టు చెయ్యి ఆడించాను. ఆవిడకి అర్థమై నవ్వేసింది. "సోసుయి, సోసుయి" అంటూ కామో నది ఉన్న దిక్కు చూపించి చేత్తో కిందికి గీత గీసింది, ఈ కాలువ చూపించి పైకి గీత గీసింది. దారిన పోతున్న కాలేజీ పిల్ల ఒకతి ఆగి, వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. ఇది నది కాదండీ, మనుషులు తవ్వింది. నదులన్నీ దక్షిణానికి పోతాయి, ఇదొక్కటే ఉత్తరానికి పోతుంది.

ఆ రాత్రి హోటల్లో ఫోన్ చార్జింగ్‌కి పెట్టి, మావారు నిద్రపోయాక కూర్చుని ఆ కాలువ కథంతా చదివాను. రాజు వెళ్ళిపోయాక బళ్ళు పెట్టుకున్నారని చెప్పాను కదా. ఊరు బతకాలంటే పని కావాలి, పనికి నీళ్ళు కావాలి. కొండల అవతల బివా సరస్సు ఉంది, జపాన్‌లో అన్నిటికన్నా పెద్దది. ఆ నీళ్ళు కొండ తొలిచి ఊళ్ళోకి తేవాలని గవర్నర్ కితగాకి కునిమిచి సంకల్పం. ఆ పని అప్పగించింది ఎవరికో తెలుసా? తానబె సాకురో అనే కుర్రాడికి, 1883లో అప్పుడే ఇంజనీరింగ్ చదువు పూర్తి చేసినవాడికి. చదువు ముగింపులో అతను రాసిన వ్యాసం ఈ కాలువ గురించే. కుడిచేతికి దెబ్బ తగిలితే ఎడమ చేత్తో నక్షాలు గీశాడట. మా అమ్మాయి కంటే రెండు మూడేళ్ళు పెద్దవాడేమో, అంతే.

1885లో మొదలుపెట్టి 1890లో పూర్తి చేశారు. ఖర్చు దాదాపు పన్నెండున్నర లక్షల యెన్లు. ఆ రోజుల్లో అది ఊహకందని డబ్బు. ఊరి జనం మీద ప్రత్యేకంగా పన్ను వేశారు. రెండున్నర కిలోమీటర్ల సొరంగాన్ని రెండు చివర్ల నుంచీ తవ్వితే చాలా ఏళ్ళు పడుతుందని, కొండ మీద నుంచి బావిలా తవ్వి, లోపల నుంచి కూడా అటూ ఇటూ తవ్వుకుంటూ వెళ్ళారు. పని మధ్యలో తానబె అమెరికా వెళ్ళి నీళ్ళతో కరెంటు తీయడం చూసొచ్చాడు. అప్పటిదాకా నీటి చక్రాలతో మిల్లులు తిప్పుదామన్న ఆలోచన మార్చి, కెయాగె అనే చోట జలవిద్యుత్ కేంద్రం పెట్టారు. 1891లో అది కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ కరెంటుతో 1895లో జపాన్‌లోనే మొట్టమొదటి ఎలక్ట్రిక్ ట్రాము క్యోటో వీధుల్లో నడిచింది. టోక్యోలో కాదు, రాజు వదిలేసిన ఊళ్ళో.

ఆ ట్రాముకి ముందు ఒక కుర్రాణ్ణి పరిగెత్తించేవారట, పగలు జెండా, రాత్రి లాంతరు పట్టుకుని "తప్పుకోండి, తప్పుకోండి" అని అరవడానికి. తల్లి మనసు కదా, ఆ పిల్లాడు జారి పడితే ఎలాగని నాకు గుండె ఝల్లుమంది. కొన్నేళ్ళకి ఆ పద్ధతి తీసేశారు. కార్లు పెరిగి 1978లో ఊరి ట్రాములే పోయాయి. వాటిలో కొన్ని హిరోషిమాకి వెళ్ళి అక్కడ నడిచాయి. ఆడపిల్ల అత్తారింటికి వెళ్ళినట్టు అనుకున్నాను.

గవర్నర్‌గారు తానబెని తర్వాత అల్లుణ్ణి కూడా చేసుకున్నారు. ఇది మన ఆడవాళ్ళకి చెప్పకపోతే ఎలా!

మరి నన్ను తికమక పెట్టిన పిల్ల కాలువ? అది ఆ పెద్ద కాలువలోంచి చీల్చిన పాయ. ఈశాన్యాన ఉన్న పొలాలకీ పేటలకీ నీళ్ళు కావాలి. నీళ్ళు ఎప్పుడైనా పల్లానికే పోతాయి, అందులో మార్పు లేదు. తూర్పు కొండల వాలు పట్టుకుని, జానెడు జానెడు వాటం చూసుకుంటూ, నీళ్ళు ఉత్తరానికి వెళ్ళేలా ఆ పల్లాన్ని మనుషులు తయారు చేసుకున్నారు. ధవళేశ్వరం ఆనకట్ట నీళ్ళతో పెరిగిన దాన్ని, కాలువలు తవ్వినవని నాకు తెలియకపోవడం ఏమిటి? తెలుసు. కానీ పుట్టినప్పటి నుంచి చూస్తున్న వాటిని తవ్వారన్న సంగతి మనసుకి తట్టదు. అవి అలాగే ఉన్నాయనుకుంటాం.

మూడో రోజు అడ్డం మెట్రో ఎక్కి కెయాగెలో దిగాను. ఎత్తులో ఉన్న కాలువ నుంచి కిందికి 582 మీటర్ల వాలు. ఆ రోజుల్లో పడవల్ని చక్రాల బండ్ల మీదికెక్కించి, కరెంటుతో ఈ పట్టాల మీద దింపేవారు, ఎక్కించేవారు. పట్టాలు ఇంకా ఉన్నాయి. వాటి మధ్య జనం నడుస్తున్నారు, పెళ్ళికూతుళ్ళు ఫొటోలు తీయించుకుంటున్నారు. పక్కనే పార్కులో తానబె విగ్రహం. దానికి కాస్త దూరంలో కాలువ పనిలో చనిపోయిన 17 మంది కోసం తానబె సొంత డబ్బుతో వేయించిన రాయి. విగ్రహం దగ్గర నలుగురున్నారు, రాయి దగ్గర ఎవరూ లేరు. కాసేపు నిలబడి దణ్ణం పెట్టుకున్నాను. ప్రతి పేరు వెనకా ఒక పొయ్యి ఉండే ఉంటుంది కదా.

అక్కణ్ణుంచి నాన్‌జెన్‌జి. గుడి ఆవరణలోంచే ఎర్ర ఇటుకల కమానుల మీద కాలువ నడుస్తుంది. పాత గుడిలో ఈ విదేశీ కట్టడం ఏమిటని అప్పట్లో నొచ్చుకున్నవాళ్ళున్నారు. ఇప్పుడు గుడి కంటే దాని ముందే ఎక్కువ మంది ఫొటోలు. మెట్లెక్కి పైన చూశాను. ఇటుకల మీద నీళ్ళు హడావుడిగా పోతున్నాయి. ఆ నీళ్ళ వెంట ఉత్తరానికి నడిచాను, ఈసారి తెలిసే.

శనివారం మావారు వచ్చారు. స్టేషన్ బయట అలవాటు ప్రకారం ఫోన్ తీసి, మ్యాపు తిప్పుతూ "ఎటు ఎటు?" అంటున్నారు. నేను అప్పటికే రోడ్డు దాటేశాను.

"ఏమండీ, ఎగువకి రండి."

"ఎగువేమిటే, ఇదేమన్నా గోదావరా?"

"అయిదు, నాలుగు, మూడు లెక్కపెట్టుకుంటూ నా వెనకే వచ్చెయ్యండి" అన్నాను. వచ్చారు. మధ్యలో సక్యో కుడి వైపు ఎందుకుందని అడిగితే, రాజుగారి కుర్చీ కథ చెప్పాను. "అంటే రాజు లేకపోయినా ఆయన ఎడమ ఇంకా ఎడమేనా" అన్నారు. అవునండీ, దాన్ని చెరపక్కర్లేదు కదా, దాని పక్క నుంచి వేరే కాలువ తవ్వుకోవచ్చు అన్నాను. ఆయన నా మొహం వంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా నా చేతిలో సంచి తీసుకున్నారు.

తిరిగొచ్చి నెల దాటింది. అమ్మాయి గది దాని గదే. పుస్తకాలు, పోస్టర్లు అలాగే ఉంచాను. మా వీధి చివర మునిసిపల్ బడి ఉంది. ఇన్నేళ్ళుగా ఆ గేటు ముందు నుంచే కూరలకి వెళ్ళేదాన్ని, మా అమ్మాయి ఎప్పుడూ అక్కడ చదవలేదు కాబట్టి లోపలికి అడుగు పెట్టే పనే పడలేదు. పోయిన వారం వెళ్ళి హెడ్‌మాస్టారమ్మని అడిగాను, నాలుగో తరగతి పిల్లలకి తెలుగు కథలు చదివించడానికి వారానికి రెండు మధ్యాహ్నాలు రావచ్చా అని. "మీ పిల్లలెవరైనా ఇక్కడ చదువుతున్నారా?" అన్నారావిడ. లేరండీ, కానీ మా ఇంట్లో పొయ్యి ఉంది అని నోటిదాకా వచ్చింది. ఆవిడకి ఇదంతా చెప్పాలంటే పొద్దుపోతుందని, "ఊరికే, ఖాళీగా ఉన్నాను" అన్నాను. సోమవారం నుంచి రమ్మన్నారు.

బియ్యం ఇప్పటికీ ఒక్కోరోజు గ్లాసున్నరే కడిగేస్తున్నాను. ఆ రోజు పులిహోర చేసి బడికి పట్టుకెళ్తున్నాను. మావారు చాలా సంతోషంగా ఉన్నారు.